షట్టరు బరువును మోసేదెవరు? - ఇంటి షట్టర్లు, గ్యారేజ్ తలుపుల భద్రత, నిర్వహణ

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• షట్టరు, గ్యారేజ్ తలుపు ఏ సూత్రం మీద పనిచేస్తాయో వివరించగలుగుతారు.
• స్ప్రింగు బలహీనపడిన లక్షణాలను ముందుగానే గుర్తించగలుగుతారు.
• ఇంట్లోవారు చేసుకోదగిన పనులేవో, మెకానిక్‌కు వదిలేయవలసిన పనులేవో విడదీసి చెప్పగలుగుతారు.
• మోటారుతో నడిచే తలుపుకు ఉండవలసిన రక్షణలను పరీక్షించగలుగుతారు.

7.1 పరిచయం

మన పట్టణాల్లో ఇల్లు కట్టుకునేవారు చాలామంది రోడ్డు వైపు గదికి ఇనుప షట్టరు పెట్టిస్తారు. కొందరు అందులో కారు పెట్టుకుంటారు. కొందరు దుకాణానికి అద్దెకిస్తారు. తలుపులకు, కిటికీలకు రంగు వేయించినప్పుడు షట్టరుకు కూడా ఒక పూత వేయిస్తాం. అంతకుమించి దానిని పట్టించుకోం.

నా అనుభవం ఒకటి చెబుతాను. పదవీ విరమణ చేసిన మరుసటి సంవత్సరం మా ఇంటి షట్టరు ఎత్తడం నాకు కష్టమనిపించింది. వయసు మీద పడిందనుకున్నాను. మా అబ్బాయి కూడా "బరువుగా ఉంది నాన్నా" అన్నాడు. కాస్త నూనె వేసి ఊరుకున్నాం. నెల రోజుల తరువాత ఒక సాయంత్రం, సగం ఎత్తిన షట్టరు నా చేతిలోంచి జారి ధడాలున గచ్చు మీద పడింది. మా మనవరాలి మూడు చక్రాల సైకిలు దాని కింద నలిగిపోయింది. ఆ పిల్ల అప్పుడే మంచినీళ్ళకని లోపలికి వెళ్ళింది.

మెకానిక్ వచ్చి పైన చుట్ట విప్పి చూస్తే, రెండు స్ప్రింగుల్లో ఒకటి విరిగి ఉంది. అది ఆ రోజు విరిగింది కాదు, విరిగినచోట తుప్పు కూడా పట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం బోధించిన నేను, షట్టరు ఉన్నట్టుండి ఎందుకు బరువెక్కిందని ఒక్కసారి కూడా ప్రశ్నించుకోలేదు. ఇనుము బరువు పెరగదు. దానిని మోసేది ఏదో తగ్గితేనే మన చేతికి బరువు తెలుస్తుంది. ఈ పాఠమంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

7.2 షట్టరు ఎలా పనిచేస్తుంది?

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. 2.5 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు ఉన్న షట్టరు వైశాల్యం 6.25 చదరపు మీటర్లు. 1 మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. ఈ లెక్కన చదును రేకే సుమారు 49 కిలోలు అవుతుంది. పట్టీలను ఒకదానిలో ఒకటి ఇరికించే మడతలు, అడుగున ఉండే మందపాటి పట్టీ కలిస్తే బరువు ఇంకా పెరుగుతుంది. అంత బరువును ఇంట్లో ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు కూడా ఒక్కరే ఎత్తగలుగుతున్నారంటే, ఎక్కువ భాగం మరెవరో మోస్తున్నారన్నమాట.

ఆ మోసేది పైనున్న స్ప్రింగు. షట్టరు చుట్టుకునే ఇనుప పైపు దగ్గర చుట్టల స్ప్రింగులు బిగించి ఉంటాయి. షట్టరును కిందికి లాగినప్పుడు స్ప్రింగు మెలి తిరిగి శక్తిని నిలవ చేసుకుంటుంది. పైకి ఎత్తినప్పుడు ఆ శక్తినే తిరిగి ఇచ్చి మనకు సాయపడుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. షట్టరు మూసి ఉన్నప్పుడు పట్టీలన్నీ వేలాడుతూ ఉంటాయి, స్ప్రింగు పూర్తిగా బిగిసి ఉంటుంది. షట్టరు పైకి వెళ్ళేకొద్దీ పట్టీలు పైపు మీద చుట్టుకుంటాయి. వేలాడే బరువు తగ్గుతుంది, స్ప్రింగు బిగువు కూడా తగ్గుతుంది. కాబట్టి ప్రమాదం రెండు రకాలుగా ఉంటుంది:

అ) షట్టరు మూసి ఉన్నప్పుడు శక్తి స్ప్రింగులో ఉంటుంది. అప్పుడు స్ప్రింగును విప్పబోతే అది ఒక్కసారిగా తిరిగి చేతులు విరగ్గొట్టగలదు.
ఆ) షట్టరు ఎత్తి ఉన్నప్పుడు శక్తి, ఎత్తులో ఉన్న బరువులో ఉంటుంది. స్ప్రింగు విరిగి ఉంటే, దించేటప్పుడు ఆ బరువంతా జారి మీద పడగలదు.

7.3 అమెరికాలోని గ్యారేజ్ తలుపు

ఇదే సూత్రం మీద పనిచేసే మరో తలుపు ఉంది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లల ఇళ్ళకు వెళ్ళిన తల్లిదండ్రులు దానిని చూసే ఉంటారు. అక్కడి తలుపు చుట్టుకోదు. నాలుగైదు అడ్డు పలకలు కీళ్ళతో కలిసి, పక్కనున్న పట్టాల వెంబడి పైకి వెళ్ళి కప్పు కింద పడుకుంటాయి. తలుపు పైన కడ్డీకి తొడిగిన స్ప్రింగు దాని బరువును మోస్తుంది. మీట నొక్కితే మోటారు తలుపును ఎత్తుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి బరువు మోసేది స్ప్రింగే. మోటారు దానిని కదుపుతుంది, అంతే.

అక్కడ సాధారణంగా వాడే స్ప్రింగులను సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి సరిపడేలా తయారు చేస్తారు. రోజుకు 4 సార్లు తెరిచి మూస్తే 2,500 రోజులు, అంటే ఏడేళ్ళకు కాస్త తక్కువ. తీగను అటూ ఇటూ వంచితే కొంతసేపటికి తెగినట్టే, స్ప్రింగు కూడా మాటిమాటికీ మెలిపడి అలసిపోతుంది. తుప్పు పట్టినచోట పగులు ఇంకా త్వరగా మొదలవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
షట్టరు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు ఎక్కువ బిగువుగా ఉండడానికి కారణమేమిటి?

7.4 నెలకొకసారి చేయవలసిన పరీక్ష

చేత్తో ఎత్తే షట్టరుకు ఈ పరీక్ష చేయండి. ముందుగా పిల్లలను, వాహనాన్ని దూరంగా ఉంచండి. మీ పాదాలు షట్టరు పడే గీతకు వెనుక ఉండాలి.

1. షట్టరును నెమ్మదిగా ఎత్తండి. కిందటి నెల కంటే బరువుగా ఉందా? మధ్యలో ఎక్కడైనా పట్టేస్తోందా?
2. నడుము ఎత్తులో ఆపండి. పిడిని వదలకుండా పట్టు కాస్త సడలించండి. షట్టరు అక్కడే నిలబడాలి, లేదా కొద్దిగా మాత్రమే కదలాలి. బరువుగా కిందికి లాగితే స్ప్రింగు బలహీనపడిందని అర్థం.
3. అడుగు పట్టీ నేలకు సమాంతరంగా ఉందో లేదో చూడండి. ఒక పక్కకు ఒరిగితే ఆ వైపు స్ప్రింగుకో, పట్టీలకో లోపం ఉండవచ్చు.
4. పట్టీల చివరలు పక్క గాడుల్లోంచి బయటికి వస్తున్నాయేమో పరిశీలించండి.

వీటిలో ఏది కనిపించినా షట్టరును కిందికి దించి, మెకానిక్ వచ్చేదాకా వాడకుండా ఉంచండి. కర్ర ఆనించి వాడుకుందామనుకోవద్దు. కర్ర జారితే ఆపేది ఏదీ ఉండదు.

7.5 మనం చేసుకోదగినవి, చేయకూడనివి

పక్క గాడుల్లో చేరిన దుమ్మును, ఇసుకను పొడిగుడ్డతో తుడవాలి. గాడుల్లో గ్రీజు దట్టంగా పూస్తే దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది. పలుచని నూనె కొద్దిగా సరిపోతుంది. వాకిలి కడిగిన నీళ్ళు నిలిచి అడుగు పట్టీకి తుప్పు పడుతుంది కాబట్టి, అక్కడ నీరు నిలవకుండా చూసుకుని, తుప్పు గీకి రంగు వేయాలి. తాళం తీయకుండా షట్టరును బలంగా లాగకూడదు. అలా లాగితే పట్టీలు వంగిపోతాయి.

స్ప్రింగును బిగించడం, మార్చడం, పైపును దించడం ఇంట్లోవారు చేయకూడదు. అమెరికా తలుపులకైతే అడుగు మూలల్లో తాడు తగిలించి ఉండే బిగింపులను కూడా విప్పకూడదు. ఆ తాడు స్ప్రింగు బిగువు మొత్తాన్ని పట్టుకుని ఉంటుంది.

షట్టరు ఇనుముతో చేసినది. పైనున్న బోర్డు లైటు తీగ ఒరుసుకుని తెగితే, వానకాలంలో షట్టరు మొత్తానికి కరెంటు పాకవచ్చు. ఆ తీగను గొట్టంలోంచి తీసుకురావాలి. ఇంటికి ఎర్తింగు సరిగా ఉండాలి. ముట్టుకున్నప్పుడు జిల్లుమంటే వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

7.6 మోటారు ఉన్న తలుపు

చేత్తో దించేవాడికి అడ్డం కనిపిస్తుంది. మోటారుకు కనిపించదు. అమెరికాలో మోటారు తలుపుల కింద చిక్కి పిల్లలు చనిపోయిన తరువాత, ఇళ్ళలో వాడే మోటార్లకు అక్కడ నిబంధన వచ్చింది. 1993 జనవరి 1 నుంచి తయారయ్యే మోటార్లు, తలుపుకు అడ్డు తగిలితే 2 సెకన్లలో దానిని తిరిగి పైకి పంపాలి. దానికి తోడు, కాంతి కిరణంతో అడ్డును గుర్తించే సెన్సారు వంటి రెండో రక్షణ ఉండాలి. ఆ సెన్సార్లను నేల నుంచి 6 అంగుళాల ఎత్తు మించకుండా బిగిస్తారు. పాకే పిల్లలను కూడా గుర్తించాలన్నది అందులోని ఉద్దేశం.

పరీక్ష సులభం. సుమారు ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న చెక్కను తలుపు కింద నేలపై పరిచి మీట నొక్కండి. తలుపు చెక్కకు తగలగానే వెనక్కి వెళ్ళాలి. తరువాత తలుపు దిగుతుండగా ఒక చీపురును సెన్సారుకు అడ్డం పెట్టండి. అప్పుడు కూడా తలుపు వెనక్కి వెళ్ళాలి. మనిషి చేతితోనో, కాలితోనో ఈ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు. మన దగ్గర షట్టరుకు మోటారు పెట్టించేవారు కూడా, అడ్డు తగిలితే ఆగి వెనక్కి వెళ్ళే ఏర్పాటు ఉందా అని కొనేముందే అడగాలి. గోడ మీట పిల్లలకు అందనంత ఎత్తులో, అంటే కనీసం 5 అడుగుల ఎత్తులో ఉండాలి. రిమోటు ఆటవస్తువు కాకూడదు.

కరెంటు పోయినప్పుడు మోటారును విడదీయడానికి అమెరికా తలుపులకు ఎర్ర పిడి ఉన్న తాడు ఉంటుంది. తలుపు కిందికి దిగి ఉన్నప్పుడే దానిని లాగడం క్షేమం. ఎత్తి ఉన్నప్పుడు లాగితే, స్ప్రింగు విరిగి ఉన్న పక్షంలో తలుపు అమాంతం పడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
మోటారు బాగానే పనిచేస్తోంది కాబట్టి స్ప్రింగును పరీక్షించనక్కరలేదనడం సరైనదేనా?

7.7 సారాంశం

షట్టరు బరువును స్ప్రింగు మోస్తుంది. మన చేయి, మోటారు దానిని కదుపుతాయి. షట్టరు బరువెక్కినట్టు తోచడమే స్ప్రింగు చేసే మొదటి హెచ్చరిక. ఆ హెచ్చరికను వయసు మీదికో, నూనె లేకపోవడం మీదికో నెట్టివేయకూడదు. శుభ్రపరచడం, పరీక్షించడం మన పని. స్ప్రింగును ముట్టుకోవడం మెకానిక్ పని.

7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి - మాదిరి సమాధానాలు

1. అప్పుడు పట్టీలన్నీ వేలాడుతుంటాయి. ఆ మొత్తం బరువుకు సరితూగేలా స్ప్రింగు బిగిసి ఉండాలి.
2. సరైనది కాదు. స్ప్రింగు బలహీనపడినా మోటారు కొంతకాలం తలుపును లాగగలదు. అందువల్ల లోపం మన చేతికి తెలియకుండా దాగి ఉంటుంది.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. షట్టరు తెరిచి, మూసి ఉన్న స్థితుల్లో శక్తి ఎక్కడ నిలవ ఉంటుందో వివరించి, అందువల్ల కలిగే ప్రమాదాలను రాయండి.
2. మోటారు తలుపుకు ఉండవలసిన రెండు రక్షణలను, వాటిని పరీక్షించే విధానాన్ని వివరించండి.
3. మీ ఇంట్లో లేదా మీ వీధిలో ఉన్న ఒక షట్టరును యజమాని అనుమతితో పరిశీలించి, 7.4లోని నాలుగు అంశాలపై ఒక పేజీ నివేదిక రాయండి. లోపం కనిపిస్తే నివేదిక రాయడానికి ముందే యజమానికి చెప్పండి.