చెట్టుకు కాసే మేకపోతు

మేకపోతు చెట్టుకు కాస్తుందా? కాయదని మీరంతా అంటారు. కాని బెంగాలీ వాళ్ళను ఎవరినైనా అడిగి చూడండి. "ఎందుకు కాయదు? మా పెరట్లోనే కాస్తున్నది!" అని నవ్వుతారు. లేత పనసకాయకు వాళ్ళు సరదాగా పెట్టుకున్న పేరు "గాఛ్ పాంఠా". గాఛ్ అంటే చెట్టు, పాంఠా అంటే మేకపోతు. అల్లం, జీలకర్ర, గరం మసాలా దట్టించి వండితే ఆ కూర చూడడానికీ, నమలడానికీ మాంసం కూరలాగే ఉంటుంది. అందుకే ఆ పేరు.

మరి మనకు పనస కొత్తదా? కానే కాదు. గోదావరి జిల్లాల్లో పెళ్ళి భోజనానికి వెళ్ళినవారు ఎవరైనా విస్తట్లో పనసపొట్టు కూర ఉన్నదా అని ముందు చూస్తారు. ఆవ పెట్టిన ఆ కూరంటే అంత ఇష్టం. లేత కాయల రోజుల్లో అక్కడి బజారులో పొట్టు కొట్టేవాణ్ణి చూశారా? కాయ తొక్క చెక్కేసి, చేతికి నూనె రాసుకుని, పెద్ద కత్తితో కాయమీద టకటకమని గాట్లు పెడతాడు. తరవాత ఒక్క కోత కోస్తే పొట్టు జలజలా రాలుతుంది. చూస్తూ ఉంటే ఎంతో సులువు అనిపిస్తుంది. కాని ఆ పని నేర్చిన చేతికే వస్తుంది. మీరు మాత్రం ఆ కత్తి జోలికి పోకండి!

చేతికి నూనె ఎందుకు? పనసకాయ కోస్తే తెల్లని పాలు కారతాయి. అవి బంకలాగా వేళ్ళకు పట్టుకుంటే ఎంత నీళ్ళు పోసి కడిగినా వదలవు. ఆ బంక నీళ్ళలో కరగదు. నూనెకు మాత్రం లొంగుతుంది. అందుచేత ముందే నూనె రాసుకున్నవాడికి చిక్కు లేదు.

ఈ పాలను బట్టే పనసకు చుట్టాలెవరో కొంత పోల్చవచ్చు. మర్రి, రావి, మేడి చెట్ల ఆకు తుంచినా పాలు కారతాయి గదా! పనసది కూడా ఆ కుటుంబమే. పట్టుపురుగులకు మేతవేసే మల్బరీ కూడా ఇందులోదే. మేడిపండు గోళీకాయంత, పనసపండు ఒక్కొక్కప్పుడు 30 కిలోలకు పైగా. ఒకే కుటుంబంలో ఎంత తేడా! అంత బరువును సన్నని కొమ్మలు మోయలేవు. ఆ కాయలు మొద్దుకూ, లావుపాటి కొమ్మలకూ అంటుకునే కాస్తాయి.

ఇప్పుడు ఒక వింత చెబుతాను. పనసకాయ ఒక కాయ కాదు. కొన్ని వందల పువ్వులు ఒకే కాడ చుట్టూ కిక్కిరిసి, ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఒక కాయగా పెరుగుతాయి. కాయమీద ముళ్ళు ఉంటాయి చూడండి, ఒక్కొక్క ముల్లు ఒక్కొక్క పువ్వు కొస. అంటే ముళ్ళను లెక్కపెడితే పువ్వులను లెక్కపెట్టినట్టే. వీటిలో పుప్పొడి అందిన పువ్వు తొనగా మారి, లోపల గింజ కడుతుంది. పుప్పొడి అందని పువ్వులు తొన కట్టలేవు. అవి తొనల మధ్య సన్నని పట్టీల్లాగా, పీచులాగా మిగిలిపోతాయి. పండు తినేటప్పుడు మనం పక్కకు తీసిపారేసే పీచు ఇదే.

ఈ పీచులోనే మేకపోతు రహస్యం ఉన్నది.

మాంసం అంటే జంతువు కండ. కండలో సన్నని పోగులు కట్టలు కట్టలుగా పక్కపక్కన పేర్చి ఉంటాయి. ఉడికిన మాంసం నమిలినప్పుడు ఆ పోగులు ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. వంకాయకూ, బంగాళాదుంపకూ ఈ పోగులు లేవు. ఉడికితే మెత్తని ముద్ద అయిపోతాయి. లేత పనసలో తొనలూ, పీచూ అన్నీ నడుమ కాడ నుంచి బయటివైపుకు వరసగా సాగి ఉంటాయి. ఉడికినా ముద్ద కావు, పోగులుగానే విడిపోతాయి. మన పళ్ళు మోసపోయేది అక్కడే!

కావలిస్తే మీరే పరీక్ష చేయండి. అమ్మ పనసకాయ ముక్కలు ఉడికించినప్పుడు ఒక ముక్క అడిగి తీసుకోండి. చల్లారాక దాన్ని పోగుల వెంట చీల్చండి. ఇట్టే చీలుతుంది. తరవాత పోగులకు అడ్డంగా తెంపండి. కొంచెం మొండికేస్తుంది. ఇలాగే ఒక బంగాళాదుంప ముక్కను కూడా ఎటు పడితే అటు తెంపి చూడండి. తేడా మీ వేళ్ళకే తెలుస్తుంది.

అయితే ఇదంతా లేత కాయలోనే. కాయ ముదిరితే తొనల్లో పిండి పదార్థం చేరుతుంది, గింజ గట్టిపడుతుంది. పండితే ఆ పిండి చక్కెరగా మారుతుంది. వీధి చివరి దాకా వాసన వేస్తుంది. అప్పుడు మసాలా వేసి వండినా పాయసానికి కారం కలిపినట్టే! లేత కాయకు తనదంటూ తీపీ లేదు, ఘాటైన వాసనా లేదు. ఏ మసాలా వేస్తే ఆ రుచి పట్టుకుంటుంది. అందుకే వంటవాళ్ళకు అదంటే అంత ప్రీతి.

ఈ సంగతి కనిపెట్టింది బెంగాలీలూ, మనమూ మాత్రమే కాదు. ఉత్తరప్రదేశ్, బీహారు రాష్ట్రాల్లో దీన్ని "కటహల్" అంటారు. అక్కడ నూనెలో వేయించి మసాలా కూర చేస్తారు. సముద్రం దాటి ఇండోనేషియాలోని జోగ్‌జకార్తా నగరానికి వెళితే "గుదెగ్" అనే వంటకం పెడతారు. లేత పనస ముక్కలను కొబ్బరిపాలల్లో, తాటిబెల్లం వంటి బెల్లంతో, సన్నని సెగమీద గంటల తరబడి ఉడికిస్తారు. టేకు ఆకులు కూడా వేస్తారు. దానితో కూరకు ఎర్రమట్టి రంగు వస్తుంది. మన గోదావరి జిల్లాల్లోనైతే పనసకాయ బిర్యానీ కూడా చేస్తారు. ఈ మధ్య సంవత్సరాల్లో అమెరికాలోనూ, ఐరోపాలోనూ మాంసం మానేసినవారు లేత పనసను డబ్బాల్లో కొనుక్కుని, పోగులుగా చీల్చి, రొట్టెలో పెట్టుకు తింటున్నారు. మన పెరటి కాయ అక్కడ "కొత్త మాంసం" అయి కూర్చున్నది!

సరే, పళ్ళు మోసపోయినవి. నాలుక కూడా మోసపోయింది. మరి ఒళ్ళు మోసపోతుందా?

ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. "ఇవాళ పనసకాయ కూర తిన్నాను గదా, అది మాంసంతో సమానం. ఇంక పప్పు నాకెందుకు?" అని మీలో ఎవరైనా అమ్మతో పేచీ పెట్టవచ్చు. ఆ మాటలో తప్పు ఎక్కడున్నదో చూద్దాం.

మీరు పొడుగు ఎదగడానికీ, కండ పట్టడానికీ, దెబ్బ తగిలితే మానడానికీ మాంసకృత్తులు కావాలి. 100 గ్రాముల మేక మాంసంలో ఇవి సుమారు 20 గ్రాములు ఉంటాయి. 100 గ్రాముల లేత పనసలో 2, 3 గ్రాములకు మించవు. అంటే పదింట ఒక వంతు చుట్టుపక్కల! పనసలో ఉన్నదంతా ఎక్కువగా నీరూ, పీచూనూ. పీచు మంచిదే, కడుపును తేలికగా ఉంచుతుంది. కాని కండకు అది చాలదు. పోగులు ఒకేలాగా కనిపించినా, ఒకటి కండ పోగు, ఇంకొకటి పువ్వు పోగు. చూపు ఒకటే, సరుకు వేరు.

అయితే పనసను తప్పుపట్టవలసిన పని లేదు. అది పంటికి సరిపోయింది. ఒంటికి కావలసింది పక్కనే ఇంకొకటి పెట్టుకోవాలి. వండని కందిపప్పు 100 గ్రాములు తూచి చూస్తే అందులో మాంసకృత్తులు 20 గ్రాములకు పైగానే ఉంటాయి. వేరుశనగ పప్పులో ఇంకా ఎక్కువ. శనగలు, పెసలు, మినుములు, పాలు, పెరుగు ఉండనే ఉన్నవి. మన పెద్దలు పొట్టు కూరలో శనగపప్పు, మినప్పప్పు తాలింపు వేసి, పక్కన ముద్దపప్పు వడ్డించి, చివర పెరుగు పోశారు. లెక్కలు కట్టకపోయినా విస్తరి మాత్రం సరిగా కుదిరింది. కనక ఈసారి మీరు పప్పు వద్దని పేచీ పెడితే అమ్మ వైపే న్యాయం ఉన్నట్టు!

పనసలో ఇంకొక వస్తువు ఉన్నది. అది గింజ. తొన తిని గింజ పారేస్తే నష్టం మనదే. పొట్టులో కంటె గింజలో మాంసకృత్తులు ఎక్కువ. నిప్పుల్లో కాల్చినా, ఉప్పు వేసి ఉడికించినా కమ్మగా ఉంటుంది. పచ్చిది మాత్రం తినకూడదు.

ఇక పొట్టు కూర ఎలా చేస్తారో చెబుతాను. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళది. పోపు డబ్బా అందించడం, కరివేపాకు దూయడం, ఆవాలు నూరడం మీ వంతు.

అరకిలో పొట్టును ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో మెత్తబడేదాకా ఉడికించి, వార్చి, చల్లారాక నీరు పిండాలి. బాణలిలో నూనె కాచి శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టాలి. జీడిపప్పు ఉంటే నాలుగు పలుకులు వేస్తే మరీ మంచిది. అల్లం ముక్కలు, చీల్చిన పచ్చిమిరపకాయలు వేగాక నిమ్మకాయంత చింతపండు గుజ్జు పోసి పచ్చివాసన పోయేదాకా ఉడకనివ్వాలి. పొట్టు వేసి, ఉప్పు చూసి, తడి ఆరేదాకా కలియబెట్టి దించాలి. రెండు చెంచాల ఆవాలను కాస్త నీటితో నూరి, ఒక చెంచా నూనె చేర్చి, కూర దించిన తరవాతే కలపాలి.

దించిన తరవాతే ఎందుకు? ఆవగింజను ఊరికే నోట్లో వేసుకుంటే అంత ఘాటు ఉండదు. నీటితో నూరినప్పుడు గింజలోని రెండు పదార్థాలు కలుసుకుని అప్పటికప్పుడు ఘాటును పుట్టిస్తాయి. ఆ ఘాటు ఆవిరిలాగా ఎగిరిపోయేది. ముక్కుకు ఎక్కేది అందుకే! మంటమీద పెట్టామా, కూరలో ఘాటు మిగలదు.

ఇంత ఉపకారం చేసే చెట్టుకు మనం ఏం చేస్తున్నాం? శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అనే ప్రాంతం ఉన్నది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు అది పెట్టింది పేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఒక్క రాత్రిలో తోటలకు తోటలే నేలకొరిగాయి. కూలిన ఇల్లు ఏడాదిలో లేపవచ్చు. కూలిన పనసచెట్టు స్థానంలో గింజ నాటితే మళ్ళీ కాపుకు రావడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. తాత నాటితే మనవడు తిన్నాడన్న మాట ఊరికే పుట్టలేదు.

సింహళంలో ఈ చెట్టును "అన్నం చెట్టు" అంటారు. బియ్యం కరువైన రోజుల్లో అక్కడి జనాన్ని పనస ఆదుకున్నది. ఆ దేశంలో ఆర్థర్ డయస్ అనే పెద్దమనిషి ఉండేవాడు. దేశంలో తిండికి లోటు రాకూడదని పది లక్షల పనస మొక్కలు నాటించాలని పూనుకున్నాడు. గింజలు పంచుతూ ఊరూరా ప్రచారం చేశాడు. ఆయన 1960లో చనిపోయాడు. కాని జనం ఆయనకు ప్రేమగా పెట్టిన పేరు ఇప్పటికీ నిలిచి ఉన్నది: "కోస్ మామ", అంటే పనస మామయ్య!

కనక ఈ వేసవిలో పండు తిన్నప్పుడు మంచి గింజ ఒకటి ఎంచి పెట్టుకోండి. దాచి ఉంచి వానలు వచ్చాక వేద్దాం అనుకోకండి. పనస గింజ ఎండితే మొలకెత్తదు. కడిగిన వెంటనే, తడి ఆరకముందే, మట్టి నింపిన కుండీలో పెట్టి రోజూ నీళ్ళు పోయండి. మొలిచిన మొక్కను చోటున్న దగ్గర, ఇంటి గోడకు దూరంగా నాటండి. మీకు పెరడు లేకపోతే బడి ఆవరణలో నాటడానికి మేష్టారిని అడగండి.

మీరు పెద్దవాళ్ళయ్యాక ఆ చెట్టు మొదట్లో ఒక చిన్న కాయ వేలాడుతుంది. అప్పుడు పిల్లలెవరైనా వచ్చి "మేకపోతు చెట్టుకు కాస్తుందా?" అని అడిగితే, ఏం చెప్పాలో మీకు తెలుసు. పక్కన పప్పు వడ్డించుకోవడం మాత్రం మరిచిపోవద్దని కూడా చెప్పండి.