బిల్లు రాని ఆదివారం

ఈ ఎపిసోడ్‌ని ఒక వాట్సాప్ గ్రూపుతో మొదలుపెడదాం. "ఆదివారం కలుద్దామా?" అని ఎవరో అడిగారు. వెంటనే వచ్చే ప్రశ్న, "ఎక్కడ?" జవాబులు మీకు తెలుసు. మాల్, మల్టీప్లెక్స్, మండీ, కాఫీ షాప్. ఎక్కడికెళ్లినా చివర్లో బిల్లు వస్తుంది. అప్పుడు ఒకడు "నాకు పనుందిరా, మీరు వెళ్లండి" అంటాడు. నిజానికి వాడికి పనేమీ లేదు. నెలాఖరు, జేబులో డబ్బుల్లేవు. ఆ మాట చెప్పుకోలేక పని అన్నాడు.

అంటే స్నేహితుల్ని కలవాలన్నా ఇప్పుడు ఖర్చే. మరి కొనడం చుట్టూ తిరగని సమాజం ఉంటే, అందులో మన సరదాలు, స్నేహాలు ఎలా ఉంటాయి? "బోర్ కొడుతుంది కదా" అంటారేమో. ఊహలెందుకు, నిజంగా జరుగుతున్నదే ఒకటి చూద్దాం.

కొలంబియా రాజధాని బొగొటాలో 1974లో 'సిక్లోవియా' మొదలైంది. ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్ల మీద కార్లు ఆపేస్తారు. జనం సైకిళ్లు తొక్కుతారు, నడుస్తారు, స్కేటింగ్ చేస్తారు. పార్కుల్లో ట్రైనర్లు ఫ్రీగా ఎక్సర్‌సైజులు చేయిస్తారు. లక్షల మంది వస్తారు, టికెట్ లేదు. పక్కనే పండ్లరసం అమ్ముతుంటారు. కావాలంటే కొనుక్కోవచ్చు, కొనకపోయినా ఎవరూ లేచి వెళ్లమనరు. తేడా అంతా అక్కడే ఉంది.

అయితే చోటు ఒక్కటే సరిపోదు, తీరిక కూడా కావాలి. 1930లో ఆర్థికవేత్త కీన్స్ ఒక వ్యాసంలో, వందేళ్లకల్లా మనుషులు వారానికి 15 గంటలు పని చేస్తే చాలన్నారు. 2030 దగ్గరికొచ్చేసింది. ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది, పని గంటలు మాత్రం అంతగా తగ్గలేదు. పెరిగిన సంపద అందరికీ సమానంగా అందకపోవడం ఒక కారణం. చేతికందిన దాంతో తీరిక బదులు వస్తువులు కొనుక్కోవడం ఇంకో కారణం. కొత్త ఫోన్, దానికి ఈఎంఐ, ఆ ఈఎంఐ కోసం ఓవర్‌టైమ్!

"రీల్స్ ఫ్రీయే కదా" అంటారా? మధ్యమధ్యలో వచ్చే యాడ్స్ గుర్తు తెచ్చుకోండి. అక్కడ అమ్ముడయ్యేది మన తీరికే.

అలాగని పాతకాలమే బాగుందని నేననడం లేదు. రచ్చబండ మీద కూర్చోడానికి డబ్బు అక్కర్లేదు, నిజమే. కానీ కులం పేరుతో కొందరిని దూరం పెట్టారు. ఆడవాళ్లు అక్కడ తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకునే వీలు చాలా ఊళ్లలో లేదు. నిన్న కులం, ఇవాళ డబ్బు. రేపటికి కావలసింది ఎవరినీ బయట నిలబెట్టని చోటు. రాత్రి దాకా తెరిచి ఉండే లైబ్రరీ, తాళం వేయని గ్రౌండ్, వెలుతురూ శుభ్రమైన టాయిలెట్లూ ఉన్న పార్క్. అమ్మాయిలు కూడా భయం లేకుండా కూర్చోగలగాలి. ఇవి ఒక్కరు కొనుక్కునేవి కావు, అందరం కలిసి అడిగి సాధించుకోవాల్సినవి.

అప్పటిదాకా ఒక్క పని చేయొచ్చు. ఈసారి గ్రూపులో "ఎక్కడ?" అని అడిగితే, బిల్లు రాని చోటు పేరు మీరే ముందు చెప్పండి. చెరువుగట్టో, ఎవరింటి డాబానో. "పనుంది" అన్నవాడు వస్తాడేమో చూడండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.