ఆ పెళ్ళి నిలబడితేనే ఆయన ప్రాణం నిలబడింది

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఈ నెల స్కూల్లో హోలోకాస్ట్ పాఠం నడుస్తోంది. మొన్న రాత్రి అన్నం తింటూ, "అమ్మా, నాన్న యూదుడు, అమ్మ క్రిస్టియన్ అయితే ఆ ఇంట్లోవాళ్ళని ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది. దాని క్లాసులో అలాంటి ఇంటి అమ్మాయి ఒకతె ఉందట. నాకు వెంటనే జవాబు తోచలేదు. "చదివి చెప్తాను తల్లీ" అన్నాను. చదివాక, మన ఇళ్ళల్లో మిగతా పిల్లలకి కూడా ఈ సంగతి తెలిస్తే బాగుంటుందనిపించింది.

హిట్లర్ ప్రభుత్వం 1935 సెప్టెంబరులో న్యూరెంబర్గ్ చట్టాలు తెచ్చింది. యూదులకీ, "జర్మన్ రక్తం" వాళ్ళకీ మధ్య కొత్త పెళ్ళిళ్ళు నిషేధించింది. ఎవరు యూదులో తేల్చే లెక్క ఆ నవంబరులో వచ్చింది. అటు తాతా నాయనమ్మా, ఇటు తాతా అమ్మమ్మా, ఈ నలుగురిలో కనీసం ముగ్గురు యూదులైతే ఆ మనిషి యూదుడు. ఇద్దరైతే మొదటి తరగతి మిశ్రమ సంతతి, ఒక్కరైతే రెండో తరగతి. ఇద్దరే అయినా, యూదు మత సంఘంలో సభ్యత్వం ఉంటేనో, యూదుల్ని పెళ్ళాడి ఉంటేనో యూదుడి కిందే లెక్క.

నేను బీఎస్సీలో మెండెల్ బఠాణీ మొక్కల లెక్కలు చదువుకున్నదాన్ని. పైకి ఇదీ అలాంటి శాస్త్రంలాగే కనిపిస్తుంది. కానీ తాతగారు యూదుడని ఎలా తేల్చారు? రక్తపరీక్షతో కాదు, అలాంటి పరీక్షే లేదు. ఆయన యూదు మత సంఘంలో ఉండేవాడా అని చూశారు. పైకి చెప్పింది రక్తం, లోపల చూసింది మతం కాగితం. సైన్స్ ముసుగు వేసిన అబద్ధం అది.

ఈ చట్టం కింద బతికి బయటపడిన ఒక జంట కథ నన్ను కదిలించింది. విక్టర్ క్లెంపరర్ డ్రెస్డెన్‌లో ప్రొఫెసర్. తండ్రి యూదు మతగురువు. విక్టర్ ప్రొటెస్టెంట్ మతం తీసుకున్నాడు. 1906లో ఎవా అనే సంగీతకారిణిని పెళ్ళి చేసుకున్నాడు, ఆమె యూదు కాదు. ఆయన మారిన మతాన్ని చట్టం లెక్కలోకి తీసుకోలేదు. 1935లో ఉద్యోగం పోయింది. 1940లో సొంత ఇల్లు వదిలి యూదుల కోసం కేటాయించిన ఇంట్లోకి మారాల్సి వచ్చింది. 1941 సెప్టెంబరు నుంచి కోటు మీద పసుపుపచ్చ నక్షత్రం. యూదుల ఇళ్ళల్లో పెంపుడు జంతువులు ఉండకూడదన్నారు. 1942లో వాళ్ళ పిల్లిని కూడా చంపించాల్సి వచ్చింది.

అయినా ఆయన్ని మరణ శిబిరానికి పంపలేదు. కారణం ఒక్కటే, ఎవా ఆయన భార్యగా ఉండిపోవడం. ఆమె విడాకులిచ్చినా, చనిపోయినా ఆ రక్షణ పోయేది. విడాకులు తీసుకోమని ఇలాంటి భార్యల మీద ఒత్తిడి ఉండేది. ఎవా వదల్లేదు. సోదాలూ, తిట్లూ, దెబ్బలూ భరించింది. ఆయన రహస్యంగా రాసే డైరీ కాగితాలు పిర్నా ఊళ్ళో ఉన్న డాక్టర్ స్నేహితురాలి ఇంటికి చేరవేసేది. దొరికితే ప్రాణాలకే ముప్పు.

ఇలాంటి భార్యలు ఇంకా ఉన్నారు. 1943 ఫిబ్రవరి చివర్లో బెర్లిన్‌లో యూదు భర్తల్ని పట్టుకెళ్ళి రోజెన్‌స్ట్రాస్ వీధి భవనంలో పెట్టినప్పుడు, వాళ్ళ భార్యలు చలిలో రోజుల తరబడి ఆ వీధిలో నిలబడ్డారు. ఆ భర్తల్లో చాలామంది ఇళ్ళకి తిరిగొచ్చారు.

చివరికి ఆ పెళ్ళి రక్షణ కూడా కరిగిపోయింది. 1945 ఫిబ్రవరి 13న డ్రెస్డెన్‌లో మిగిలిన యూదులకి, పని పేరుతో హాజరవమని నోటీసులు వచ్చాయి. వాటిని ఇంటింటికీ పంచే పని విక్టర్ మీదే పడింది. దాని అర్థం ఏమిటో అందరికీ తెలుసు. ఆ రాత్రే ఊరి మీద బాంబులు పడ్డాయి. దాదాపు 25,000 మంది చనిపోయారు. మంటల్లో విడిపోయిన ఈ భార్యాభర్తలు పొద్దున ఎల్బా నది ఒడ్డున కలుసుకున్నారు. ఎవా చిన్న చాకుతో ఆయన కోటు మీది నక్షత్రం కోసేసింది. కాగితాలు కాలిపోయాయని చెప్పుకుంటూ బవేరియా దాకా పారిపోయి బతికారు. ఆ డైరీలు 1995లో పుస్తకంగా వచ్చాయి.

మర్నాడు ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే నా ఫ్రెండ్‌కి ఇద్దరు లెక్కన్నమాట" అంది. నాకు గుండె జారినట్టయింది.

ఇక్కడ మన పిల్లలూ రకరకాల వాళ్ళని పెళ్ళి చేసుకుంటున్నారు. విందుల్లో "ఆ పిల్ల సగం మనది, సగం వాళ్ళది" అని మనం నవ్వుతూ అనుకుంటాం. చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. నేనూ అన్నాను. ఇక మాత్రం అనలేను.