వ్యాయామం మానొద్దు.. మోతాదు మించొద్దు

బిడ్డను ముద్దాడితే పెదవులకు ఉప్పగా తగలటం సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు తెలిసిన విషయమే. చెమటలో ఉప్పు ఎక్కువగా పోవటం, ఊపిరితిత్తుల్లో జిగురులాంటి కళ్లె పేరుకోవటం, తిన్నది సరిగా వంటబట్టకపోవటం.. అన్నింటికీ మూలం సీఎఫ్‌టీఆర్ జన్యువులో లోపమే. పరుగు, సైకిల్ తొక్కటం, ఆటలతో కళ్లె వదులై తేలికగా బయటకు వస్తుంది. అందుకే వీరికి వ్యాయామమూ చికిత్సలో భాగమే. కాకపోతే అలవాటు లేని శ్రమ ఒక్కసారిగా మీద పడితే కండరాలు దెబ్బతినొచ్చు.

ఏది మామూలు నొప్పి?

కొత్తగా వ్యాయామం మొదలెట్టాక మర్నాడో మూడోనాడో ఒళ్లు నొప్పులు రావటం సహజం. గుంజీళ్లు తీసినప్పుడు, మెట్లు వేగంగా దిగినప్పుడు ఇవి ఎక్కువ. సాధారణంగా కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. దెబ్బ తీవ్రమైతే మాత్రం కండర కణాలు పగిలి, మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలుస్తుంది. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. దీన్నే రాబ్డోమయోలిసిస్ అంటారు. భరించలేని నొప్పి, కండరాలు వాచి బిగుసుకుపోవటం, కాళ్లూ చేతులూ ఎత్తలేనంత బలహీనత, మూత్రం డికాక్షన్ రంగులో రావటం.. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

వీరికెందుకు ఎక్కువ జాగ్రత్త?

మామూలుగా చెమట పట్టినప్పుడు రక్తంలో ఉప్పు గాఢత పెరిగి దాహం వేస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో నీటితో పాటు ఉప్పూ పోతుంది కాబట్టి దాహం అంతగా తెలియదు. ఒంట్లో నీరు తగ్గినకొద్దీ కిడ్నీలకు ముప్పు పెరుగుతుంది. ఛాతీ ఇన్‌ఫెక్షన్లకు ఇచ్చే అమికాసిన్, టోబ్రామైసిన్ ఇంజెక్షన్లు, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలూ కిడ్నీల మీద భారం వేస్తాయి. కాబట్టి ఒళ్లు నొప్పులకు సొంతంగా మాత్రలు వేయొద్దు.

పరీక్షకు ముందు చెప్పండి

కండరాలు దెబ్బతింటే రక్తంలో క్రియాటిన్ కైనేజ్ (సీకే) పెరుగుతుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా పెరగొచ్చు. ఎలెక్సాకాఫ్టర్, టెజాకాఫ్టర్, ఐవాకాఫ్టర్ కలిసిన మందు వాడేవారిలోనూ ఇవి పెరిగే అవకాశముంది. కారణం వ్యాయామమా, మందా అన్నది తేల్చకపోతే మంచి మందును అనవసరంగా ఆపాల్సి రావొచ్చు. అందుకే గత వారం రోజుల్లో చేసిన శ్రమను డాక్టర్‌కు చెప్పండి. రిపోర్టు చూసి మీ అంతట మీరు మందు ఆపొద్దు.

ఇలా చేయండి

* జ్వరం, ఇన్‌ఫెక్షన్ నుంచి కోలుకున్నాక తేలికపాటి నడకతో మొదలెట్టి, వారాల మీద నెమ్మదిగా పెంచండి.

* దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో తాగించండి. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ మంచివి. రోజుకు ఎంత ఉప్పు అవసరమో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి.

* వేసవిలో ఎండ తగ్గాకే ఆటలకు పంపండి.

* బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడికి జబ్బు గురించి ముందే చెప్పండి. వంద గుంజీళ్ల శిక్ష ఏ పిల్లలకూ మంచిది కాదు. వీరికైతే మరింత ప్రమాదం. అలాగని ఆటలకు దూరంగా కూర్చోబెట్టొద్దనీ చెప్పండి. మిగతా పిల్లలతో పాటు ఆడనివ్వాలి. అలసిపోతే ఆగనివ్వాలి.