మళ్లీ వల వేయాలా?

720 మార్కుల నీట్ ఫలితాలు రాగానే ఎన్నో క్రైస్తవ కుటుంబాల్లో ఒకటే ప్రార్థన: ‘ప్రభువా, బిడ్డను లాంగ్‌టర్మ్‌కు పంపాలా, వద్దా?’ పరీక్ష మళ్లీ రాయవచ్చు; గడిచిన ఏడాది, అప్పు చేసి కట్టిన ఫీజు మాత్రం తిరిగి రావు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని యేసు చెప్పాడు (లూకా 14:28). ఆ లెక్కలో బిడ్డ మనసునూ చేర్చుదాం.

రాత్రంతా శ్రమించినా చేపలు దొరకని పేతురు, ప్రభువు మాట మీద మళ్లీ వల వేశాడు (లూకా 5). బితూనియకు వెళ్లబోయిన పౌలును ఆత్మ వెళ్లనివ్వలేదు, ఆయన మాసిదోనియకు వెళ్లాడు, ఫిలిప్పీలో సంఘం పుట్టింది (అపొ.కా. 16). ఒకరిది మళ్లీ ప్రయత్నం, మరొకరిది దారి మార్పు, ఇద్దరిదీ విధేయతే.

అందుకే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని అడుగుదాం: ‘మళ్లీ రాయాలని నీకుందా, మా కోసమా?’ జవాబు ఏదైనా మన ప్రేమకు ర్యాంకుతో పనిలేదని ముందే చెబుదాం. ఆ తర్వాతే కలిసి మోకరిద్దాం.