నడకకు లెక్క, లెక్కకు తోడు

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. కొండల సంగతి ఎలా ఉన్నా, కూర్చుని పనిచేసే మాబోటి ఉద్యోగులకు పొట్ట మాత్రం కరగదు. మహబూబాబాద్ జిల్లా గార్లలో ఇరవై ఏళ్లుగా కార్యాలయ ఉద్యోగం చేస్తున్నాను. రాకపోకలన్నీ మోటారు సైకిలు మీదనే. గత ఏడాది పరగడుపున రక్తపరీక్ష చేయించగా చక్కెర 118 మిల్లీగ్రాములు వచ్చింది. 100 నుండి 125 వరకు మధుమేహానికి ముందు దశ. మా తండ్రిగారు ఈ వ్యాధితోనే కాలు పోగొట్టుకొన్నారు గనుక ఆ అంకె నాకు నిద్ర పట్టనివ్వలేదు.

ఆయుర్వేదంలో మధుమేహం ప్రమేహ భేదాలలో ఒకటి. సుఖంగా కూర్చొని ఉండడం, సుఖంగా నిద్రించడం ప్రమేహానికి కారణాలని చరకుడు చెప్పాడు. నూరు యోజనాలు నడవడాన్ని సుశ్రుతుడు చికిత్సలోనే చేర్చాడు. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను ఇంధనంగా గ్రహిస్తాయి.

"రోజూ తిరుగుతూనే ఉన్నాను గదా" అనుకొనేవాడిని. మా అమ్మాయి అడుగులు లెక్కించే పట్టీని నా చేతికి కట్టింది. మొదటిరోజు తేలినవి 2,300 అడుగులే!

ఇటువంటి పరికరాన్ని 1965లో జపానులో "పదివేల అడుగుల మీటరు" అనే అర్థం వచ్చే పేరుతో అమ్మారు. ఆ అంకె వైద్యులు నిర్ణయించినది కాదు. రోజుకు సుమారు 7,000 అడుగులతోనే చెప్పుకోదగిన మేలు కలుగుతుందని 2025లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష తెలిపింది. 26 అధ్యయనాలను పరిశీలించిన 2007 నాటి అమెరికా సమీక్షలో, పరికరం ధరించినవారు రోజుకు దాదాపు 2,500 అడుగులు ఎక్కువ నడిచారు. లక్ష్యం పెట్టుకోవడం ఇందుకు ముఖ్య కారణం.

అయితే పదిహేను రోజులకే నా పట్టీ బల్ల సొరుగులోకి చేరింది. ముగ్గురు సహోద్యోగులు కలిసివచ్చి, ఒక నోటుపుస్తకంలో అందరి అడుగులూ రాయడం మొదలుపెట్టిన తరువాతనే నా నడక నిలిచింది. ఒకరు రాకపోతే మిగిలినవారు ఇంటికి వెళ్లి పిలిచేవారు.

మేము పాటించిన పద్ధతి ఇది:

1. మొదటి వారం మామూలుగా నడిచి, రోజువారీ సగటు కట్టాలి.

2. ఆపై వారానికి 500 అడుగుల చొప్పున పెంచాలి.

3. గంటకొకసారి లేచి, మంచినీళ్లు మనమే తెచ్చుకోవాలి.

4. భోజనానంతరం సుశ్రుతుడు చెప్పినట్లు నూరడుగులు నెమ్మదిగా నడవాలి.

5. సాయంకాలం తోడుతో చెరువుకట్ట వైపు నడవాలి.

జాగ్రత్తలు: వ్యాయామం సగం శక్తి మేరకే చేయాలని శాస్త్రం. నుదుట చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వస్తే ఆగాలి. గుండెలో నొప్పి వస్తే వెంటనే వైద్యుని చూడాలి. సుశ్రుతుడు పాదరక్షలు లేకుండా నడవమన్నాడు గాని, పాదాలు మొద్దుబారిన మధుమేహ రోగులు చెప్పులు లేకుండా నడవరాదు. వాడుతున్న మందులు సొంతంగా మానరాదు.

ఇప్పుడు నా సగటు 6,800 అడుగులు. మొన్నటి పరీక్షలో చక్కెర 104. ఇంకా తగ్గవలసి ఉంది. అందుకే ఈ సాయంకాలం కూడా మా నలుగురం బయలుదేరుతున్నాం. మీరూ మీ కార్యాలయంలో ఒక తోడును వెతుక్కోండి.