శాంపిల్ తీశాక ఏం జరుగుతుంది?

రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో హోటళ్ల మీద దాడులు జరిగాయని పేపర్లో వస్తుంది. శాంపిళ్లు ల్యాబ్‌కు పంపారని రాస్తారు. ఆ తర్వాత ఆ ఊసే ఉండదు. వారం తిరిగేసరికి ఆ హోటల్ మళ్లీ కిటకిటలాడుతుంది. “డబ్బులు చేతులు మారాయి, మునిసిపాలిటీ వాళ్లు ఇంతే” అని జనం తేల్చేస్తారు. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. అసలు ఆ శాంపిల్ తీసింది మునిసిపాలిటీ కాదు.

మునిసిపాలిటీ చేతిలో ఉన్నవి ట్రేడ్ లైసెన్సు, మురుగు కాలువ, చెత్త. తిండి నాణ్యత మీద కేసు కట్టేది రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్ కింద పనిచేసే ఆహార భద్రతా అధికారి. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006లో వచ్చిన చట్టం ఈ ఏర్పాటు చేసింది. అది 2011 ఆగస్టు 5 నుంచి అమల్లో ఉంది.

ఇక శాంపిల్ సంగతి. ధాన్యం అమ్మిన రైతుకు ఇది చిటికెలో అర్థమవుతుంది. తేమ 17 శాతం దాటకూడదు. కొనుగోలు కేంద్రంలో మీటరు ఒక అంకె చూపిస్తుంది, మిల్లు దగ్గర మీటరు ఇంకో అంకె చూపిస్తుంది. ఎవరి మీటరు నిజం? రెండు చోట్లా పోసింది ఒకే బస్తా గింజలని రుజువేమిటి? దారిలో మంచు పడలేదా? రైతు దగ్గరే అదే గింజల పొట్లం సీలుతో ఉంటే, ఇద్దరూ ఒప్పుకునే మూడో మీటరు ఇంకోచోట ఉంటే గొడవే లేదు. చట్టం ఆహారానికి చేసింది దాదాపు అదే. అధికారి సరుకును మామూలు ధర చెల్లించి తీసుకుంటాడు. సాక్షి సంతకంతో నాలుగు భాగాలు చేసి సీలు వేస్తాడు. ఒక భాగం ఫుడ్ ఎనలిస్టుకు వెళుతుంది. రెండు భాగాలు పై అధికారి దగ్గర భద్రంగా ఉంటాయి. వ్యాపారి కోరితే నాలుగోది గుర్తింపు పొందిన వేరే ల్యాబ్‌కు వెళుతుంది. రెండు నివేదికలూ పొసగకపోతే దాచిన భాగాన్ని రిఫరల్ ల్యాబ్‌కు పంపుతారు. మైసూరు సీఎఫ్‌టీఆర్ఐ అలాంటిదే. అక్కడ తేలిందే చివరి మాట. పాల శాంపిల్ చెడిపోకుండా 25 మిల్లీలీటర్లకు రెండు చుక్కల ఫార్మలిన్ కలపాలని కూడా నిబంధనల్లో రాశారు.

ఎనలిస్టుకు 14 రోజుల గడువు. వ్యాపారి అప్పీలుకు 30 రోజులు. నాసిరకమని తేలితే జాయింట్ కలెక్టర్ దగ్గర విచారణ, 5 లక్షల దాకా జరిమానా. ప్రాణానికి ముప్పు తెచ్చే తిండైతే క్రిమినల్ కోర్టు. కారణం లేకుండా వేధించాడని తేలితే ఆ అధికారికే లక్ష దాకా జరిమానా పడుతుంది. పేపర్లో వార్త ఆగిపోయిన రోజుల్లో ఇదంతా నడుస్తూ ఉంటుంది.

అయితే ల్యాబ్‌కు అందనిది ఒకటి ఉంది: వంటవాడి చెయ్యి. మరిగే నూనె చింది కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని ఒక కుర్రాడు కాజాల పిండి కలుపుతాడు. చీముపట్టిన పుండులో ఉండే స్టెఫైలోకాకస్ ఆహారంలోకి దిగి విషం తయారు చేస్తుంది. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అగ్ని అన్నిటినీ శుద్ధి చేస్తుందన్న నమ్మకం ఇక్కడ మనుషుల్ని ఆస్పత్రి పాలు చేస్తుంది. గుమ్మానికి వారం వారం నిమ్మకాయ, మిరపకాయలు మార్చే యజమాని కుళాయి దగ్గర సబ్బు ఎందుకు మార్చడు?

పుండున్న చెయ్యి తిండికి తగలకూడదని తాపేశ్వరం కాజా బట్టీకైనా, ఆత్రేయపురం పూతరేకుల ఇంటికైనా ఆహార చట్టం చెబుతోంది. ఆ చెయ్యి కాలకుండా చూడాల్సింది కార్మిక శాఖ, ఫ్యాక్టరీల శాఖ. ఒకే చేతిని ఇన్ని శాఖలు విడివిడిగా చూస్తున్నాయి. సెలవు పెడితే కూలి పోతుందనుకున్న కుర్రాడు గుడ్డ చుట్టుకుని పనికి వస్తాడు. కాలిన వాడికి కూలితో సెలవు ఇవ్వడం కూడా ఆహార భద్రతే.

వంటగది మురికికి తగిన ఆయుధం దాడి కంటే ఆహార చట్టం 32వ సెక్షన్ కింద ఇచ్చే సవరణ నోటీసు. లోపాలు రాసిచ్చి, కనీసం 14 రోజుల గడువిస్తారు. సరిచేయకపోతే లైసెన్సు సస్పెండ్ చేస్తారు, తర్వాత రద్దు చేస్తారు. 2027 పుష్కరాలకు గోదావరి గట్టు పొడవునా వంటశాలలు వెలుస్తాయి. అప్పుడు విలేకరులు అడగాల్సింది ఎన్ని దాడులని కాదు, ఎన్ని నోటీసులిచ్చారు, ఎన్ని అమలయ్యాయి అని.

మీరే పరీక్ష చేయించుకోవచ్చు కూడా. 40వ సెక్షన్ ప్రకారం, కొనేటప్పుడే ఆ సంగతి దుకాణదారుకు చెప్పి, ఫీజు కట్టి సరుకును ఎనలిస్టుకు ఇవ్వండి. తప్పని తేలితే ఆ ఫీజు మీకు తిరిగి వస్తుంది.